అంతస్తులూ, అప్పులూ

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాడికి ఒక దురలవాటు ఉంటుంది. నలుగురూ మాట విని అర్థం తీసుకుని ఊరుకుంటే, వాడు మాటనే పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఈ వారం నా చేతికి చిక్కిన మాట ‘అంతస్తు’. మేడలో ఒక వరసనీ అంతస్తే అంటాం, సంఘంలో మనిషికున్న చోటునీ అంతస్తే అంటాం. ‘వాళ్ళ అంతస్తు వేరు, మన అంతస్తు వేరు’ అనే గుసగుస వినపడని ఇల్లు లేదు. 1965లో ‘అంతస్తులు’ అని ఒక సినిమా కూడా వచ్చింది. దీనికి తోబుట్టువు లాంటి మాట ‘దర్జా’. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఇళ్ళలోకి వచ్చింది. దాని అసలు అర్థం మెట్టు.

చూశారా తమాషా! రెండూ మేడకూ మెట్లకూ సంబంధించిన మాటలే. మెట్టుకు తనంతట తనకు ఎత్తు లేదు. కింద ఇంకో మెట్టుంటేనే అది పై మెట్టు. అన్నమూ గుడ్డా అలా కాదు. పక్కింటివాడు తిన్నా తినకపోయినా మన ఆకలి మనదే, మన కడుపు నిండడం మనదే. అంతస్తు మాత్రం చూసేవాడు లేకపోతే లేదు. అడవిలో ఒంటరిగా ఉన్నవాడికి ఆకలి ఉంటుంది, చలి ఉంటుంది, అంతస్తు ఉండదు.

అంచేత అంతస్తు ఉన్నవాడికి అది ఉంటే చాలదు, కనపడాలి. ఈ సంగతిని శాస్త్రంగా రాసిపెట్టినవాడు థోర్‌స్టెయిన్ వెబ్లెన్ అనే అమెరికా ఆర్థికవేత్త. నార్వే నుంచి వలసవచ్చిన రైతు కుటుంబంలో పుట్టాడు. 1899లో ధనవంతుల నడవడి మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ధనం ఉన్నంత మాత్రాన గౌరవం రాదనీ, నలుగురి కళ్ళెదుటా దాన్ని ఖర్చు పెట్టి చూపితేనే వస్తుందనీ, ఆ ఖర్చు ఎంత నిరుపయోగమైతే అంత ఘనంగా కనిపిస్తుందనీ ఆయన తేల్చిన సంగతి. ఒక్కొక్క తరగతివాళ్ళూ తమకు పైన ఉన్నవాళ్ళ బతుకును చూసి తమ మర్యాదకు కొలత పెట్టుకుంటారని కూడా చెప్పాడు. ఆయన మన పెళ్ళి ఒక్కటీ చూడలేదు. చూసి ఉంటే పుస్తకం ఇంకో రెండు సంపుటాలు పెరిగేది!

అవును, ఈ వ్యవహారమంతా ఒక్కచోట చూడాలంటే పెళ్ళికి మించింది లేదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అయితే ఆ సామెత పుట్టిన నాడు కష్టమంటే సంబంధం కుదరడం, సరుకులు సమకూరడం, అలిగిన బంధువుల్ని బతిమాలి తీసుకురావడం. నా చిన్నతనంలో, అంటే 1980ల్లో కూడా, పెళ్ళంటే వీధిలో షామియానా, పక్కింటి అరుగు మీద వంటవాళ్ళ పొయ్యిలు, కత్తిపీటల ముందు వరసగా కూర్చుని కూరలు తరిగే పిన్నులూ అత్తయ్యలూ, వరసల్లో బంతి భోజనాలు. ఆ వరసలకు వాటి పాపం వాటికి ఉంది. ఏ కులంవాళ్ళు ఎక్కడ కూర్చోవాలన్న పట్టింపు వాటిని చాలాకాలం వదలలేదు. ఇప్పుడు ఆ పట్టింపు పైకి కనపడదు కాని, హాలులో ఒక పక్క తెరకట్టి ‘వి.ఐ.పి. భోజనాలు’ అని బోర్డు పెడుతున్నారు. పాత వరస పోయి కొత్త వరస వచ్చింది.

ఇవాళ్టి పెళ్ళి శుభలేఖతో మొదలవుతుంది. దాన్ని లేఖ అనడానికి మనసొప్పదు, పెట్టె అనాలి. తెరిస్తే లోపల జీడిపప్పు ఒక అరలో, పిస్తా ఒక అరలో, అడుగున ఎక్కడో ముహూర్తం. దాని వెనక పెళ్ళికి ముందే వధూవరులు కొండలెక్కీ పడవలెక్కీ ఆడిపాడే సినిమా ఒకటి. మంగళస్నానం పేరు మార్చుకుని ‘హల్దీ’ అయింది. మన పద్ధతిలో లేని ‘సంగీత్’ ఉత్తరాది నుంచి దిగింది. ముహూర్తం వేళకు అక్షింతలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకు వధూవరులు కనపడరు, ఫొటోగ్రాఫర్ల వీపులు కనపడతాయి. నెత్తిన డ్రోను గిర్రున తిరుగుతూంటుంది. పక్కనున్న పెద్ద తెర మీద చూసి, తెర మీది తలంబ్రాలకు ఇక్కణ్ణుంచి అక్షింతలు వేసి, బఫేలో పళ్ళెం పట్టుకుని నిలబడతాం.

ఇందులో నవ్వుకోదగ్గది చాలా ఉంది, నవ్వుకుందాం. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం తమ ఇంటి కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలతో విందు చేసింది. పత్రికలన్నీ బొమ్మలతో వేశాయి. గోదావరి మర్యాద అని మనమూ మురిసిపోయాం. తరవాతి సంక్రాంతులకు ఆ అంకెను దాటిన విందుల వార్తలూ వచ్చాయి. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని రకాలు పెట్టడంలో ఏదో లెక్క ఉందనుకోవచ్చు. ఆ లెక్క దాటాక మిగిలేది పోటీ ఒక్కటే. అయినా వాళ్ళకు ఉంది, పెట్టారు, తిన్నవాడు తిన్నాడు. ఉన్నవాడు తన సొమ్ము తాను ఖర్చు చేసుకుంటే మనకెందుకు ఏడుపు? పైగా దానివల్ల వంటవాడికీ, పూలవాడికీ, దీపాలవాడికీ నాలుగు రూపాయలు దొరుకుతాయి కదా?

ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా న్యాయంగానే చెప్పాలి. ఉన్నవాడి పెళ్ళి ఉన్నవాడితో ఆగిపోతే నాకు పేచీ లేదు. అది ఆగదు. అదే బాధ.

మా వీధిలో ఒక ఆసామీ ఉన్నారు. చిన్న ఉద్యోగం, నెలకు 48,000 జీతం, ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతారు. పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. చిన్నవాడు ఇంటర్ చదువుతున్నాడు. ఒక సాయంత్రం ఒక కాగితం పట్టుకుని వచ్చి, “మాస్టారూ, బ్యాంకువాళ్ళకు అప్పు దరఖాస్తు రాయాలి, కాస్త చూసిపెట్టండి” అన్నారు. దరఖాస్తుతోపాటు ఖర్చుల పట్టీ కూడా ఉంది. కల్యాణమండపానికి మూడు లక్షలు. ఏడువందల మందికి మనిషికి ఆరువందల చొప్పున భోజనాలు, నాలుగు లక్షల ఇరవై వేలు. స్టేజీ, దీపాలు లక్షన్నర. ఫొటోలు, వీడియో, డ్రోను లక్షన్నర. పత్రికలూ, వచ్చినవాళ్ళకు ఇచ్చే కానుకలూ ఎనభై వేలు. బంధువుల బట్టలూ పెట్టుపోతలూ రెండు లక్షలు. అమ్మాయికి నగలు నాలుగు లక్షలు. మంగళసూత్రం, మధుపర్కాలు, పురోహితుడి సంభావన, పూజ సామాను కలిపి యాభై వేలు. వెరసి పదిహేడున్నర లక్షలు. చేతిలో ఉన్నది ప్రావిడెంటు ఫండుతో సహా తొమ్మిది లక్షలు. తక్కిన ఎనిమిదిన్నర లక్షలకూ అప్పు.

నేను పెన్సిలు తీసుకుని పట్టీ మీద ఒక గీత గీశాను. “ఈ గీతకు కింద ఉన్నవి అమ్మాయికీ, పెళ్ళికీ. పైన ఉన్నవి చూసేవాళ్ళకు” అన్నాను. కింద నాలుగున్నర లక్షలు, పైన పదమూడు లక్షలు. అంటే చేతిలో ఉన్న డబ్బుతో పెళ్ళి హాయిగా జరిగిపోగా, ఇంకా సగం మిగులుతుంది. నలుగురికీ భోజనం పెట్టవద్దని ఎవరూ అనరు. బంధువులు లేని పెళ్ళి పెళ్ళే కాదు. కాని అప్పు మొత్తం మాత్రం చూసేవాళ్ళ కోసమే. నూటికి పన్నెండు వడ్డీ చొప్పున అయిదేళ్ళ గడువుకు లెక్కవేస్తే నెలకు సుమారు 19,000 కట్టాలి. అసలు ఎనిమిదిన్నరకు వడ్డీయే రెండు లక్షల ఎనభై వేల పైచిలుకు. ఆ అయిదేళ్ళలో ఆఖరి ఏడాది ఆయనకు జీతమే ఉండదు. ఆ అయిదేళ్ళే చిన్నవాడి కాలేజీ చదువు.

“ఇంత ఎందుకండీ?” అని అడిగాను. “పోయినేడు మా తోడల్లుడు ఇలాగే చేశాడండి” అన్నారు. ఆ తోడల్లుడు దానికోసం ఎకరం పొలం అమ్మాడట. ఆయన ఎందుకలా చేశాడంటే, వియ్యంకుడు పెద్ద కాంట్రాక్టరు, వాళ్ళ పెద్దకొడుకు పెళ్ళికి తగ్గకుండా ఉండాలన్నాడట. ఆ కాంట్రాక్టరు ఎవర్ని చూసి నేర్చుకున్నాడో మనకు తెలియదు. ఏ సినిమాతారదో, ఏ కోటీశ్వరుడిదో పెళ్ళి టెలివిజన్‌లో చూసి ఉంటాడు. చూడండి మరి, ఎక్కడో పై అంతస్తులో ఒకడు సరదాగా ఒక దీపం వెలిగిస్తే, కింద అంతస్తులవాళ్ళు వరసగా ఒకరి తరవాత ఒకరు దానికి నూనె పోస్తున్నారు. పైవాడు పోసింది మిగులు. నడిమివాడు పోసింది పొలం. అడుగువాడు పోస్తున్నది కొడుకు చదువు. వెలుగు చూస్తే అందరిదీ ఒకలాగే ఉంటుంది!

ఇంతలో ఆయన భార్య కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, ఒక మాట అన్నారు. నేను ఈ విషయం మీద చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ మాట బరువైనది. “మాస్టారుగారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కాని పెద్దవాళ్ళు తక్కువలో చేస్తే ఆదర్శమంటారు. మేం తక్కువలో చేస్తే లేక చేశారంటారు.”

నేను బదులు చెప్పలేకపోయాను. ఆఖరికి వాళ్ళు తెరలూ, డ్రోనూ, సగం దీపాలూ మానుకుని రెండున్నర లక్షలు తగ్గించారు. ఆరు లక్షలు అప్పు చేశారు. నెలకు పదమూడు వేల పైచిలుకు. పెళ్ళి బాగా జరిగింది.

ఆమె మాటలో ఉన్న చిక్కు ఒక్క ఇంటిది కాదు. ఆడంబరం ఒక పరుగుపందెం. అందరూ పరిగెత్తుతున్నప్పుడు ఒక్కడు ఆగితే వాడు వెనకబడ్డవాడవుతాడు కాని తెలివైనవాడనిపించుకోడు. అందరూ ఒక్క అడుగు ముందుకు వేస్తే ఎవరి స్థానమూ మారదు. ఆయాసం మాత్రం అందరికీ మిగులుతుంది.

మన ఆచారాల్లో ఈ పందేనికి లెక్కల పుస్తకం కూడా ఉంది. చదివింపుల సంగతే తీసుకోండి. ఎవరు ఎంత ఇచ్చారో పెద్దగొంతుతో చదివి, పుస్తకంలో రాసుకోవడం మన పాత పద్ధతి. నిజానికి అది మంచి ఏర్పాటే. పదిమందీ తలోకాస్త వేసి ఒక ఇంటి శుభకార్యం గట్టెక్కిస్తే, రేపు వాళ్ళ ఇంట్లో శుభకార్యానికి ఈ ఇల్లు తిరిగి ఇస్తుంది. వడ్డీ లేని బ్యాంకు అది. కాని పదహారు చదివించినవాడికి ఒక గొంతు, నూటపదహార్లకు ఒక గొంతు, వెయ్యిన్నూటపదహార్లకు మైకు! సాయం కోసం పుట్టిన పుస్తకం అంతస్తులు చదివే పుస్తకమైంది. ఆ పదహారు మన మనసులో ఎంత పాతుకుపోయిందంటే, తెలంగాణా ప్రభుత్వం పేదింటి ఆడపిల్లల పెళ్ళికి 2014లో మొదలుపెట్టిన కల్యాణలక్ష్మి సాయాన్ని 2018లో పెంచినప్పుడు, అంకె లక్షానూటపదహారు అయింది.

డబ్బు ఎటు నడవాలన్నది కూడా ఆచారమే అనుకుంటాం కాని, అదీ మారుతుంది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారుచేయిస్తే, మూడేళ్ళకు 1,034 తేలాయని గురజాడవారు పీఠికలో రాశారు. అప్పుడు మగపిల్లవాడి తరఫువాళ్ళు డబ్బిచ్చి పిల్లను తెచ్చుకునేవారు. ఇంగ్లీషు చదువూ, సర్కారు ఉద్యోగమూ వచ్చాక వరుడికి ధర పలికింది, డబ్బు అటునుంచి ఇటు తిరిగింది. కట్నమంటే మన భాషలో మొదట కానుక అనే అర్థం; ‘కట్నకానుకలు’ అని జంటగా అనడం అందుకే. కానుక బాకీ అయింది.

చట్టం చేస్తే ఆగుతుందా అంటారా? చేశారు. వరకట్న నిషేధ చట్టం కోసం 1961 మే నెలలో పార్లమెంటు ఉభయసభలూ కలిసి కూర్చోవలసి వచ్చింది. అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ ఏడు జూలై 1న చట్టం అమలులోకి వచ్చింది. అప్పుడు శిక్ష ఆరు నెలల లోపు. 1986 సవరణతో కనీసం అయిదేళ్ళయింది. ఆ చట్టంలో చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. అడగకుండా ఇచ్చే పెళ్ళికానుకలకు తప్పు లేదు కాని, వాటికి జాబితా రాయాలి. పెళ్ళికూతురి తరఫున ఇచ్చేవి ఆచారంగా వస్తున్నవై ఉండాలి, ఇచ్చేవారి ఆర్థిక స్తోమతకు మించకూడదు. జాబితా ఎలా రాయాలో 1985లో నియమాలు కూడా వచ్చాయి. పెళ్ళిలో మనం రాయని పట్టీ లేదు. వంటసామాను పట్టీ, చదివింపుల పట్టీ, ఫొటోల పట్టీ అన్నీ రాస్తాం. చట్టం రాయమన్న పట్టీ మాత్రం ఎక్కడా కనపడదు.

ఆడంబరాన్ని చట్టంతో కట్టెయ్యాలని చూడడం చాలా పాత సంగతి. హన్నిబాల్‌తో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, క్రీ.పూ. 215లో, రోమువాళ్ళు ఆడవాళ్ళు అర ఔన్సుకు మించి బంగారం పెట్టుకోరాదనీ, రంగురంగుల బట్టలు కట్టరాదనీ శాసనం చేశారు. ఇరవై ఏళ్ళకు, క్రీ.పూ. 195లో, ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చి దాన్ని రద్దు చేయించారు. జపానులో షోగునుల కాలంలో వర్తకులు పట్టు కట్టరాదన్నారు. పైకి ముతకబట్ట కనిపించేట్టు కట్టి, లోపలి పొర పట్టుతో కుట్టించుకున్నారు వాళ్ళు. మనకు అంత దూరం పోనక్కర లేదు. బందరు పక్కన చిలకలపూడి ఉంది. రాగి మీద బంగారు పూతతో అక్కడ చేసే నగలకు దేశమంతటా గిరాకీ. నలుగురిలోకి వెళ్ళేటప్పుడు మెడ బోసిగా ఉండకూడదన్న బెంగకు చవగ్గా దొరికే మందు అది. నన్నడిగితే అప్పుచేసి కొన్న కాసులపేరు కంటే చిలకలపూడి గొలుసు నూరురెట్లు మర్యాదైనది. రాత్రి నిద్రపడుతుంది.

చట్టంతో కానిది ఒక్కసారి మాత్రం మన కళ్ళముందే జరిగింది. 2020లో కరోనా వచ్చి పెళ్ళికి యాభైమందికి మించరాదన్నారు. ఆ మహమ్మారి తెచ్చిన చావులూ ఆకలీ మరచిపోయేవి కావు, దాన్ని మెచ్చుకోవడానికి నోరు రాదు. అయినా ఆ ఏడు జరిగిన పెళ్ళిళ్ళను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంటి ముందు పందిరి, ఇరువైపులా అయినవాళ్ళు, పెరట్లో వంట. ఆ జంటల పెళ్ళి మిగతావాళ్ళ పెళ్ళికంటే ఒక ముడి తక్కువ పడలేదు. ఒక్కరి పరువూ పోలేదు. ఎందుకు పోలేదు? పందెంలో అందరూ ఒక్కసారే ఆగారు కనక. ‘లేక చేశారు’ అని అనడానికి ఎవరికీ సందు లేదు కనక. ఆంక్షలు పోగానే పందెం మళ్ళీ మొదలైంది. కాని ఒక సంగతి రుజువైంది. మనకు కావలసింది ఏడువందల మంది కాదు, నలుగురు వేలెత్తి చూపకుండా ఉండడం.

అయితే మరో మహమ్మారి కోసం ఎదురుచూడనక్కర లేకుండా అందరం ఒక్కసారి ఆగడం ఎలా? కాఫీ గ్లాసులు పెడుతూ ఆవిడ అన్న మాటలోనే దారి ఉంది. తక్కువలో చేస్తే లేనివాణ్ణి లేమి అంటారు, ఉన్నవాణ్ణి ఆదర్శం అంటారు. అలాంటప్పుడు మొదట ఆగవలసింది ఎవరు? ఉన్నవాడే. మనం లోకమంతా తిరగేసినట్టు పొదుపు గురించి పేదవాడికి ఉపదేశిస్తాం. పేదవాడు ఆగితే పరువు పోతుంది. ఉన్నవాడు ఆగితే ఏమీ పోదు, పైగా పేరొస్తుంది. ఏ ఖర్చూ లేకుండా ఆగగలిగినవాడు ఆగకుండా, ఆగితే కూలిపోయేవాణ్ణి ఆగమనడం న్యాయం కాదు.

ఈ మాట చదివి ‘మేం ఉన్నవాళ్ళం కాదు లెండి’ అని పేజీ తిప్పేయకండి. అంతస్తు మెట్టు లాంటిదని మొదటే చెప్పుకున్నాం. ప్రతి ఇంటికీ పైన ఒక మెట్టున్నట్టే కింద కూడా ఒకటి ఉంటుంది. మీ పెళ్ళిని చూసి కొలత పెట్టుకునే తమ్ముడో, మరదలో, పనిచేసే చోట మీ కింద ఉద్యోగో, మీ ఇంట్లో అంట్లు తోమే మనిషో ఉంటారు. వాళ్ళ లెక్కలో ఉన్నవాళ్ళు మీరే. మీరు ఒక్క వంటకం పెంచితే వాళ్ళు ఒక్క అప్పు పెంచుకుంటారు. మీరు ఒక్కటి తగ్గిస్తే, ‘వాళ్ళే మానుకున్నారు, మనకేం?’ అనే ధైర్యం వాళ్ళకు మీరిచ్చే కానుక అవుతుంది.

ముచ్చట పడవద్దని నేను అనను. ఒక్కగానొక్క కూతురి పెళ్ళికి సన్నాయి పెట్టించుకోండి, పూలు కట్టించుకోండి, కడుపారా పెట్టండి. మీ ఇంట్లో పెళ్ళి కుదిరిననాడు మాత్రం ఇరువైపులవాళ్ళూ కూర్చుని ఒక కాగితం తీసుకోండి. మధ్యలో గీత గీయండి. పిల్లలకు కావలసినవి ఒక పక్క, చూసేవాళ్ళకు చూపవలసినవి ఒక పక్క. రెండో పక్కన ఉన్నదానిలో ఏది అప్పు తెచ్చిపెడుతున్నదో, దాన్ని కొట్టివేసే మాట ముందు మగపెళ్ళివారి నోట రావాలి. ఆడపిల్ల తండ్రికి ఆ మాట అనే స్వతంత్రం లేదు. మీరు మగపెళ్ళివారైతే, ఈ ఒక్క పని మీ చేతిలోనే ఉంది.